ఉక్కు పొయ్యికీ సబ్సిడీ



నకరికల్లులో ఇల్లు మొదలుపెట్టిన వాళ్లు మేస్త్రీని ముందు ఒక మాట అడుగుతారు. "శ్లాబుకి ఇనుము ఎంత పడుద్ది?" ఆ ఇనుమును ఎక్కడో ఒకచోట వండాలి. అవును, వండాలి. దానికీ పొయ్యి ఉంది.

విశాఖ ఉక్కు ఫ్యాక్టరీలో పెద్ద పొయ్యిలు మూడు. వాటి పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. పేరు పెట్టినవారికి వంట సంగతి తెలిసే ఉంటుంది! ఆ ఫ్యాక్టరీ ఊరికే రాలేదు. 1966లో దాని కోసం గుంటూరు జిల్లా మనిషి అమృతరావు నిరాహార దీక్ష చేశారు. నకరికల్లు కూడా అప్పుడు ఆ జిల్లాలోనే ఉంది. ఆ పోరాటంలో 32 మంది ప్రాణాలు పోయాయి.

ఇనుప రాయిలో ఇనుమును ప్రాణవాయువు పట్టుకొని ఉంటుంది. విడదీయడానికి కోకు బొగ్గు వేస్తారు. మలినాలు లాగడానికి సున్నపురాయి వేస్తారు. సున్నపురాయి సంగతి పిడుగురాళ్ల పక్కన ఉన్నవారికి చెప్పనక్కరలేదు. బొగ్గు ఆ ప్రాణవాయువును లాక్కొని బొగ్గుపులుసు వాయువు అవుతుంది. మన దేశంలో టన్ను ఉక్కు చేస్తే ఈ వాయువు సుమారు రెండున్నర టన్నులు గాలిలో కలుస్తుంది. అది కంటికి కనపడదు. కాని భూమి మీద వేడిని పోనివ్వదు. ఎండలు ముదురుతాయి. వానలు అదను తప్పుతాయి. అదను తప్పితే మిరప చేను ఏమవుతుందో మీకే తెలుసు.

బొగ్గు బదులు హైడ్రోజన్ అనే వాయువు వాడవచ్చు. దాన్ని కరెంటుతో నీటిలోంచి తీస్తారు. అప్పుడు పొయ్యిలోంచి వచ్చేది నీటి ఆవిరి. స్వీడన్ దేశంలో 2021లో ఇలా చేసిన ఉక్కును లారీలు చేసే కంపెనీకి ఇచ్చారు. కాని ఖర్చు ఎక్కువ. అందుకే సర్కారు చెయ్యి వేస్తుంది. 2023లో కేంద్రం హైడ్రోజన్ పథకానికి 19,744 కోట్ల రూపాయలు అనుకుంది. అందులో ఉక్కు ప్రయోగాలకు 455 కోట్లు. 2024లో ఇంకో ఏర్పాటు వచ్చింది. టన్నుకు 2.2 టన్నుల కన్నా తక్కువ వాయువు వదిలిన ఉక్కుకు, ఫ్రిజ్ మీద వేసినట్టు, నక్షత్రాలు ఇస్తారు.

డబ్బు ఇస్తే పని అయినట్టేనా? 1999లో దీపం పథకం వచ్చింది. ఇంటికి గ్యాసు పొయ్యి వచ్చింది. సిలిండరు కొనలేక ఎంతోమంది మళ్లీ పత్తి కట్టె ఎగదోశారు. పొయ్యి ఒకసారి వస్తుంది. గ్యాసు మాత్రం పూట పూటకీ కావాలి. హైడ్రోజన్ సంగతీ అంతే. అది చౌక కాకపోతే కొత్త పొయ్యి మూలన పడుతుంది.

2025 జనవరిలో విశాఖ ఉక్కుకు కేంద్రం 11,440 కోట్లు ప్రకటించింది. అది అప్పుల్లో ఉన్న ఫ్యాక్టరీని నిలబెట్టడానికి ఇచ్చిన సొమ్ము. నిలబెట్టడమూ అవసరమే. మూతపడితే వేల ఇళ్లలో పొయ్యి వెలగదు. అయితే ఆ సొమ్మునూ, వాయువు తగ్గించే సొమ్మునూ ఒకే గాటన కట్టకూడదు.

రెండూ ప్రజల డబ్బే. సబ్బు బిళ్ల కొన్న ఆడమనిషి కట్టిన పన్ను కూడా అందులో ఉంది. వీధి రోడ్డుకు ఎంత వచ్చిందని గ్రామసభలో అడిగే మనిషి ఇదీ అడగవచ్చు. ఎవరికి ఎంత ఇచ్చారు? టన్నుకు ఎంత వాయువు తగ్గింది? గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ మూడూ కోకు బొగ్గు పొయ్యిలే. వాటి బొగ్గులో ఎక్కువ భాగం ఓడలెక్కి సముద్రం దాటి వస్తుంది.