జీవశాస్త్రం చదివే ఆడపిల్లకు ఏ కాలేజీ?
(ప్రసంగ పాఠం)



ఇంటర్లో బైపీసీ తీసుకున్న అమ్మాయికి మన ఇళ్లలో చూపించే దారి ఒక్కటే, మెడిసిన్. ఒకప్పుడు ఎంసెట్, 2017 నుంచి నీట్. సీటు రాలేదంటే ఇక ఆ పిల్ల చదువు మీద ఎవరికీ ఆసక్తి ఉండదు. "దగ్గర్లో ఏదో ఒక డిగ్రీ కాలేజీ, బస్సు ఉంటే చాలు" అంటారు. అదే ఇంట్లో మగపిల్లవాడు ఊరు దాటడం సమస్యే కాదు.

నేను ఆ "ఏదో ఒక కాలేజీ" గురించే మాట్లాడదలచుకున్నాను. మొక్కలు, జంతువులు, వాటి పరిసరాల గురించి చదవాలనుకునే పిల్లకు అన్ని కాలేజీలూ ఒకటి కావు. జీవావరణ శాస్త్రం తరగతి గదిలో సగమే ఉంటుంది. మిగతా సగం కోరింగ మడ అడవుల బురదలో, కొల్లేటి గట్ల మీద, నల్లమలలో ఉంటుంది. శ్రీకాకుళం తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఎక్కువగా రాత్రిపూటే వస్తాయి. కప్పలు వానాకాలపు రాత్రుల్లో అరుస్తాయి. పక్షుల కోసం తెల్లవారకముందే బయల్దేరాలి. అమ్మాయిల హాస్టళ్లకేమో చాలాచోట్ల చీకటి పడకుండానే తాళం పడుతుంది. ఆ పిల్ల ఏం చూసి రికార్డు రాయాలి? సీనియర్ల రికార్డు చూసి రాస్తుంది.

కాబట్టి తల్లిదండ్రులతో కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు భవనాలు చూసి రాకండి. రెండో సంవత్సరం అమ్మాయిలను పక్కకు పిలిచి అడగండి. ఏడాదిలో ఎన్నిసార్లు బయటికి తీసుకెళ్లారు? రాత్రి ఉండాల్సి వస్తే అమ్మాయిలను వదిలేసి వెళ్లారా? డబ్బు కట్టలేని పిల్ల సంగతేమిటి? మైక్రోస్కోపు తన చేతికి వస్తుందా, ఎవరో సర్దిపెడితే వరసలో నిలబడి చూడటమేనా? అడవిలో మరుగుదొడ్డి ఏర్పాటు ఎవరు చూస్తారు? ఇది అడగడానికి సిగ్గుపడతాం గానీ, మూడు రోజులు అడవిలో ఉండే పిల్లకు ఇదే మొదటి ప్రశ్న.

మహిళా కళాశాల అయితే భద్రం అంటారు. నేను కాదనను. అక్కడ మైక్రోస్కోపు దగ్గర మగపిల్లలు ముందు నిలబడరు. గేటు మరింత గట్టిగా మూసేదీ అక్కడే.

భద్రత పేరు చెప్పి నోరు మూయించే ప్రిన్సిపాళ్లకు చూపించాల్సిన కాగితం ఒకటుంది. లైంగిక వేధింపుల నివారణ మీద యూజీసీ నిబంధనలు, 2015 ఉన్నాయి. మగపిల్లలకు లేని ఆంక్షలను భద్రత సాకుతో అమ్మాయిల హాస్టళ్లలో పెట్టకూడదని అందులో ఉంది. ఫీల్డ్ ట్రిప్పులు, స్టడీ టూర్లు జరిగే చోట్లు కూడా క్యాంపస్ కిందికే వస్తాయని ఉంది. అంటే అడవిలో వేధింపు జరిగినా కాలేజీలోని అంతర్గత ఫిర్యాదుల కమిటీ విచారించాల్సిందే. బయటికి తీసుకెళ్లకపోవడం దానికి జవాబు కాదు. ఆ కమిటీలో ఎవరున్నారో చేరకముందే అడగండి.

ఆడపిల్లకు ఇదేం చదువు అనే తల్లులకు జానకి అమ్మాళ్ (1897–1984) గురించి చెప్పండి. తలశ్శేరి నుంచి మద్రాసు వచ్చి వృక్షశాస్త్రం చదివిందామె. చెరకు మీద పరిశోధన చేసింది. ఎనభై దాటాక కూడా సైలెంట్ వ్యాలీ అడవి మునగకూడదని నిలబడింది.

తెలంగాణలో 2016లో దోస్త్ వచ్చాక కాలేజీల వరస ఆన్‌లైన్లో మనమే ఇవ్వాలి. నెట్ సెంటర్ కుర్రవాడు తనకు తోచిన పేర్లు నింపకముందే ఆ పిల్ల పక్కన కూర్చోండి.