దెబ్బతిన్న బిడ్డకు స్నేహితుని తోడు

(తలిదండ్రుల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



మాకిచ్చిన విషయము వినసొంపైనది కాదు. ఇంటిలో దెబ్బలు, తిట్లు, నిరాదరణ, ఇంకను పైకి చెప్పుకోలేని బాధలు అనుభవించిన బిడ్డ పదమూడు, పదునాలుగేండ్ల వయస్సుకు వచ్చినప్పుడు అతనికి ఆసరా ఏమిటి? అటువంటివి మన ఇండ్లలో లేవని కొందరు అనుకోవచ్చును. భారత ప్రభుత్వము 2007లో ప్రచురించిన అధ్యయనములో 13 రాష్ట్రములలోని 12,447 మంది పిల్లలను ప్రశ్నించారు. ఆ రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ కూడ ఒకటి. ప్రతి ముగ్గురిలో ఇద్దరు శారీరక హింసకు గురైనవారే. కుటుంబములో దెబ్బలు తిన్నవారిలో నూటికి 88 మందికి పైగా తలిదండ్రుల చేతనే తిన్నారు.

ఒత్తిడి అంటే మనస్సుకు మాత్రమే సంబంధించినదని అనుకుంటాము. భయము కలిగినప్పుడు మూత్రపిండముల పైనుండే చిన్న గ్రంథులు కార్టిసాల్ అనే రసాయనమును రక్తములోనికి వదులుతాయి. ఆపద సమయములో అది అవసరమే. అయితే గుమ్మము దగ్గర అడుగుల చప్పుడును బట్టి తండ్రి తాగి వచ్చాడో లేదో పోల్చుకొనే పిల్లవానికి ప్రతి సాయంత్రమూ ఆపదే. నిద్ర చెడుతుంది, చదివినది నిలువదు, చిన్న మాటకే చేయి లేస్తుంది. ఆ చేయి లేవడము మాత్రము అందరికీ కనబడుతుంది.

కెనడాలోని మాంట్రియాల్ నగరములో పరిశోధకులు 103 మంది బడి పిల్లల లాలాజలమును పరీక్షించి 2011లో ఫలితములు ప్రకటించారు. ఏదైనా చేదు అనుభవము ఎదురైన సమయమున ప్రాణస్నేహితుడు దగ్గర లేని పిల్లలలో కార్టిసాల్ పెరిగినది, తమ మీద తమకున్న గౌరవము తగ్గినది. స్నేహితుడు ప్రక్కన ఉన్నవారిలో ఆ మార్పు అంతగా లేదు. అతడు ప్రక్కన ఉండడమే చాలినది! ఆ పిల్లలు హింసకు గురైనవారని ఎంచి తీసుకొన్నవారు కారు, నిజమే. అందుచేత ఇంకొక అధ్యయనమును కూడ చెప్పవలెను. ఇంగ్లండులో 771 మంది కౌమారులను 14వ ఏట, తిరిగి 17వ ఏట పరిశీలించి కేంబ్రిడ్జి పరిశోధకులు 2016లో వివరములు ప్రచురించారు. బాల్యములో ఇంటిలో కష్టములు గాని, తోటిపిల్లల వేధింపు గాని పడినవారిలో, 14 ఏండ్లకు మంచి స్నేహములున్నవారికి 17 ఏండ్లకు దిగులు లక్షణములు తక్కువగా ఉన్నవి. ఇంటివారి ఆదరణ కూడ అట్లే మేలు చేసినది. స్నేహము ఇంటికి బదులు కాదు. ఇల్లు విఫలమైన చోట కొంత బరువు మోస్తుంది.

చిక్కు ఎక్కడున్నదంటే, స్నేహము ఎక్కువ అవసరమైన బిడ్డకే అది దొరకడము కష్టము. ఇంటి గుట్టు బయటపడునని ఎవరినీ ఇంటికి పిలువడు. పిలిచినచోటికి పోడు. నవ్వినా తననుచూచి నవ్వారని తగవుకు దిగుతాడు. "వానితో తిరగకు" అని తక్కిన పిల్లలకు మన ఇండ్లలోనే చెప్తాము. ఆ మాటతో అతనికున్న ఒక్క తోడు పోతుంది. తరగతి అంతా మెచ్చుకోనక్కరలేదు, మనసిచ్చే ఒక్కడు చాలు.

మేము ఎరిగిన ఒక తొమ్మిదవ తరగతి బాలిక చదువు నిమిత్తము బంధువుల ఇంట ఉండేది. మధ్యాహ్నము కుళాయి దగ్గర చేతులు కడుగుకొనేటప్పుడు ఆమె మోచేతి పైనున్న వాతలను స్నేహితురాలు చూచినది. ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టించుకొన్నది ఆ బాలిక. స్నేహితురాలు కొన్నాళ్లు తన క్యారియరులోని అన్నమును సగము పంచి పెట్టినది, లెక్కలు చెప్పినది, చెప్పక ఊరకున్నది. చివరకు తన తల్లితో చెప్పినది. ఆ తల్లి "మనకెందుకమ్మా" అనక మరునాడే బడికి వచ్చినది. బాలికను ఆ ఇంటి నుండి తప్పించారు, బడి మాత్రము మార్చలేదు. ఆ రెండవ నిర్ణయమును మేము గొప్పదిగా ఎంచుతాము. సంగతి బయటపడగానే బిడ్డను దూరపు హాస్టలుకు పంపడము మన పెద్దలకు అలవాటు. హింస నుండి తప్పించవలసినదే, కాని స్నేహమును కూడ దానితోపాటు తెంచుతున్నామా అని ఎవరూ అడుగరు. ఇద్దరినీ ఒకే గదిలో ఉంచడానికి వార్డెనుకు ఖర్చేమీ కాదు.

స్నేహములన్నీ మేలైనవని మేము అనము. సిగరెట్టు నేర్పే స్నేహము ఉన్నది. మరొకటి కంటికి ఆనదు: ఇద్దరు కూర్చొని అదే దుఃఖమును రోజూ తిరగదోడుకోవడము. అమెరికాలో అమాండా రోజ్ అనే శాస్త్రవేత్త 2002లో దీనిని గూర్చి వ్రాశారు. అట్టి మాటల వలన స్నేహము చిక్కబడుతుంది, దిగులూ పెరగవచ్చును. అటువంటి జంటను విడదీయకండి. చేతికి బంతినివ్వండి, పాటల బృందములో చేర్చండి, కుర్చీలు సర్దే పని ఇద్దరికీ కలిపి అప్పగించండి.

ఇక ఒట్టు సంగతి. పదునాలుగేండ్ల పిల్ల మోయదగిన బరువు కాదది. మీ బిడ్డ వచ్చి స్నేహితురాలి గుట్టు చెప్పినప్పుడు, ఒట్టు తప్పినందుకు ఆమె ఏడుస్తుంది. ఏడ్వనివ్వండి, మందలించకండి. ఎవరికీ చెప్పనని మీరు మరల ఒట్టు వేయకండి. అది లైంగిక నేరమైతే, తెలిసినవారు పోలీసులకు తెలియజేయవలెనని 2012 నాటి పోక్సో చట్టము విధిస్తున్నది. తెలుపనందుకు బాలలకు శిక్ష లేదు, పెద్దలకు ఉన్నది. ఏ విధమైన హింసకైనను 1098 అనే నంబరుకు ఫోను చేయవచ్చును.

వార్డెనులు, యౌవనస్థుల నాయకులు కొన్ని ప్రశ్నలు చీటీలపై వ్రాసి పంపారు. వాటిని ఇప్పుడు చూద్దాము.