కొల్లేరును కొలవాల్సింది మీరే

(ఏలూరులో డిగ్రీ విద్యార్థులు, అధ్యాపకుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



తెలంగాణ ఉద్యమ పత్రికోళ్లకు ఏలూరులో ఏం పని అని కొందరు అడిగినరట. మేం ఇక్కడి జనంతో ఏనాడూ కొట్లాడలేదు, పాలించినోళ్లతో కొట్లాడినం. ఆ కొట్లాటలో నినాదం ఎంత ఉందో లెక్క కూడా అంతే ఉంది. ఆ లెక్క సంగతి చెప్పటానికే వచ్చినం.

610 జీవో 1985 డిసెంబర్‌లో వచ్చింది. స్థానికేతర ఉద్యోగులను 1986 మార్చి 31 లోపల వెనక్కి పంపాలన్నది అందులోని మాట. అది కాగితం మీదనే ఉన్నది. ఉద్యోగ సంఘాలు పోస్టుల లెక్క పట్టుకొని ఏళ్ల తరబడి వెంటపడ్డంక 2001లో గిర్‌గ్లానీ కమిషన్ పడ్డది. నీళ్ల సంగతి చూస్తే, కేంద్ర జలసంఘంలో చీఫ్ ఇంజనీరుగా పనిచేసిన ఆర్. విద్యాసాగర్‌రావు సార్ టీఎంసీల లెక్కను రైతుకు అర్థమయ్యే మాటల్లో చెప్పిండు. 2011 జనవరి 6న శ్రీకృష్ణ కమిటీ నివేదిక బయటపెడితే మేం హాస్టల్ గదుల్లో అధ్యాయాలు పంచుకొని చదివినం. పట్టికల్లో తిరకాసు ఎక్కడుందో సార్ల దగ్గర కూచొని వెతికినం. ఆ పనికి మార్కుల్లేవు, క్రెడిట్లు లేవు. పరిశోధన అంటే ఏందో మాకు తెలిసింది మాత్రం అక్కడే.

మీకిప్పుడు మార్కులున్నయ్. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పెట్టినరు. ఊర్లోకి పోవాలె, ఇంటింటి సర్వే చేయాలె, సమస్య ఎంచుకోవాలె, అధ్యాపకుడు మెంటరుగా ఉండాలె. మొదట్లో దానికి 180 గంటలన్నరు. మా దగ్గర ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో ‘జిజ్ఞాస’ పేరుతో విద్యార్థుల అధ్యయన ప్రాజెక్టులున్నయ్, రాష్ట్ర స్థాయి దాకా పోటీ జరుగుతది. రెండు చోట్లా ఆలోచన మంచిదే. అమలు సంగతి అడిగితే ఏ విద్యార్థి అయినా నవ్వుతడు. జిరాక్సు షాపులో పాత రిపోర్టు దొరుకుతది. ఊరి పేరు మారుస్తరు, స్పైరల్ బైండింగు చేయిస్తరు, వైవా అయిపోతది. పోని ఊరికి సర్వే పూర్తయినట్టే!

తప్పంతా పిల్లలదే అంటే మేం ఒప్పుకోం. ఒక్క లెక్చరర్‌కు పదుల సంఖ్యలో విద్యార్థులను అప్పజెప్పి గైడు చేయమంటే ఎట్ల చేస్తరు? గెస్టు, కాంట్రాక్టు అధ్యాపకులతో ఆ పని చేయిస్తే ఆ గంటలు వాళ్ల పని లెక్కలో చేరాలె, దానికి జీతం రావాలె. లంక ఊరికి పోయి రావటానికి బస్సు చార్జీ, పడవ కిరాయి ఎవరిస్తరు? ఉద్యోగ సంఘాలు పీఆర్సీతో పాటు ఈ డిమాండు కూడా రాసుకోవాలె.

ఇక కొల్లేరు. మీ ఇంటి ముందర ఇంత పెద్ద ప్రయోగశాల ఉంది. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీళ్లను ఆపుకొని ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పంపే సరస్సు ఇది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు బెజవాడను ముంచినప్పుడు ఈ సరస్సు విలువేందో అందరికీ గుర్తొచ్చింది. 1999లో +5 అడుగుల కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నరు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టినరు. 2008లో ఆనాటి శాసనసభ కాంటూరును +3కు తగ్గించమని తీర్మానం చేసింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ 2011లో దాన్ని ఒప్పుకోలేదు.

ఇన్నేళ్లుగా అడుగుల మీదనే కొట్లాట. ఆ రెండడుగుల నడుమ ఎవరి బతుకుంది, ఎవరి లాభముంది? చెరువు ఎవరి పేరున ఉంది, లీజు ఎవరు చేస్తున్నరు, రాత్రిపూట గట్టు మీద కాపలా కాసేదెవరు? వలేసుకొని బతికే వడ్డీల ఇంట్లో నెలకు వచ్చేదెంత, చేపల పెట్టెలకు ఐసు కొట్టే ఆడమనిషికి కూలి ఎంత? ఢిల్లీ కమిటీ నాలుగు రోజులు తిరిగితే ఇది తేలదు. లంక ఊరి నుంచి కాలేజీకి వచ్చే పిల్లగానికి సగం తెలిసే ఉంటది. మిగతా సగం ఎట్ల అడగాలో, ఎట్ల రాయాలో చెప్పేందుకే సారు కావాలె.

సైన్సు పిల్లలు గుర్తులు గీసిన వెదురు గడను ఒకేచోట నిలిపి, ఏడాది పొడుగునా వారానికోసారి నీటి లోతు రాయండి. ఎండాకాలంలో ఉప్పుటేరు నుంచి ఉప్పు ఎంత దూరం ఎక్కుతుందో చూడండి. పరికరాల్లేవంటరా? తాడేపల్లిగూడెంలో నిట్ ఉంది, వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. నిట్ వచ్చింది 2015లో, 2014 విభజన చట్టం 13వ షెడ్యూలులో రాసుకున్నందుకు. రాష్ట్రం విడిపోతే చదువులు మునిగిపోతయన్నోళ్లు ఒకసారి అటువైపు నడిచి చూడాలె. ఆ ల్యాబుల తలుపులు నెలకో రోజు డిగ్రీ పిల్లలకు తెరవమని మీ ప్రిన్సిపాళ్లు ఉత్తరం రాస్తే పోయేదేముంది?

తెలుగు, చరిత్ర పిల్లలకు పని లేదనుకోవద్దు. దోనెకూ వలకూ చేపకూ మీ తాతలు వాడే మాటలు నిఘంటువుల్లో ఎన్ని ఉన్నయో చూడండి. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరలో ముసలమ్మలు చెప్పే కథలు ఫోనులో రికార్డు చేయండి. 2006లో గట్లు తెగిన రోజు ఏం జరిగిందో పది ఇళ్లలో అడిగితే పది తీర్ల చెబుతరు, పదీ రాయండి. ఆటపాక గూడబాతుల మీద చిన్న సినిమా తీస్తే తీయండి గానీ, పక్షి వెనక కనపడే మనిషిని ఫ్రేములోంచి తోసేయకండి.

ఒక్క షరతు. రిపోర్టు వైవాకు పోయేముందు ఆ ఊరి పంచాయతీ కాడ చదవాలె. తప్పుంటే ఊరే దిద్దుతది. చెరువు ఆసామికి కోపం రావొచ్చు, బెదిరించొచ్చు. అప్పుడు విద్యార్థి పక్కన సారు నిలబడాలె, సారు పక్కన కాలేజీ నిలబడాలె. ఈ ఒక్క మాట మాత్రం అధ్యాపకులు ఈరోజే చెప్పాలని అడుగుతున్నం. తర్వాత ఒక కాపీ కాలేజీ లైబ్రరీలో, ఒకటి పంచాయతీలో పెట్టండి. మూడోది మాకు పంపండి. మా వారపత్రికలో నడిమి పేజీ దానికే ఉంచుతం.