మాట మీద కొన్న భూములు



సైన్యం నుంచి వచ్చినవాడికి వ్యాపారం చేతకాదని అంటుంటారు. కుశల్ పాల్ సింగ్ సంగతి చూడండి. ఆయన పనిచేసింది డెక్కన్ హార్స్‌లో. నిజాం కాలపు ఆశ్విక దళం నుంచి వచ్చిన రెజిమెంటు అది.

ఆయన మామగారు 1946లో పెట్టిన డి.ఎల్.ఎఫ్. కంపెనీ ఢిల్లీలో కాలనీలు కట్టేది. 1957 చట్టంతో అక్కడ ప్రైవేటువారికి దారి మూసుకుపోయింది. తర్వాత ఆ కంపెనీని నెత్తికెత్తుకున్న సింగ్ పొరుగున ఉన్న గుర్‌గావ్ పొలాల వైపు చూశారు. చాలినంత డబ్బు లేదు. ఒక్కో కమతానికి అన్నదమ్ములు, వాళ్ళ పిల్లలు, ఎన్నో సంతకాలు. నెలల తరబడి రైతుల నులకమంచాల మీద కూర్చున్నారు, పాలు తాగారు, పెళ్ళిళ్ళకు వెళ్ళారు, జబ్బుపడితే పలకరించారు. సుమారు 3,500 ఎకరాలు సేకరించారు, సగానికి పైగా అప్పు మీదే. రైతులకిచ్చే వడ్డీ గడువు తప్పలేదని ఆయనే చెప్పుకున్నారు. (వడ్డీ మాట మనం పక్కన పెడదాం, గడువు మాట మాత్రం పెట్టొద్దు!)

ఆయనకు మామగారి అండ ఉంది. నలభై ఏళ్ళకే పింఛనుతో ఊరికి తిరిగొచ్చే మన జవానుకు అదీ ఉండదు. అతను వడ్డీలేని రుణం అడిగితే మనం ముందు అడిగేది ఆస్తి కాగితాలు. సైన్యం ఇచ్చిన డిశ్చార్జి పుస్తకంలో అతని నడవడి రాసి ఉంటుంది. ఈ ఏడాది ఆ పేజీ కూడా తెరిచి చూడమని కమిటీని కోరుతున్నాను.