చీమల బాట - చేలోని వార్తాహరులు

పాన్‌గల్ కొండదుర్గం దిగువన ఒక వేరుశనగ చేను ఉన్నదనుకుందాం. పైమట్టి ఎండి కనిపిస్తున్నది. వేళ్ల దగ్గర పదును ఉన్నదా, లేదా? తొందరపడి తడి పెడితే బోరులోని నీరు వృథా అవుతుంది. ఆలస్యమైతే ఊడలు దిగే వేళ పైరు దెబ్బ తింటుంది.

ఈ సంగతి నేలలోనే ఉండి చెప్పగల చిన్న పరికరాలు నేడు ఉన్నవి. వాటిని సెన్సార్లు అంటారు. ఒక్కొక్కటి నేల తడిని కొలిచి, తీగతో పని లేకుండా, రేడియో తరంగాల ద్వారా పొరుగుదానికి చెబుతుంది. అది మరొకదానికి చెబుతుంది. అలా చేతులు మారి వార్త గట్టు మీదికి చేరుతుంది. తెలుగు వినిపించే పావగడ సీమలో, కర్ణాటకకు చెందిన చెన్నకేశవపురం చేలలో, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థవారూ స్విట్జర్లాండులోని లోసాన్ సాంకేతిక విద్యాసంస్థవారూ కలిసి 2000 దశకంలో ఇట్టి ప్రయత్నమే మెట్టరైతుల కోసం చేసిచూశారు.

ఇందులో చిక్కు ఒక్కటే. ఈ పరికరాలకు ప్రాణం చిన్న బ్యాటరీ. కొలవడానికి అయ్యే ఖర్చు స్వల్పం. వార్త పంపడానికి అయ్యే ఖర్చు అధికం. దూరం పెరిగినకొద్దీ ఆ ఖర్చు మరింత వేగంగా పెరుగుతుంది. కాబట్టి ఏ వార్త ఏ దారిన పోవాలి అన్నదే అసలు ప్రశ్న.

దీనికి జవాబు వెదుకుతూ శాస్త్రజ్ఞులు చీమల దగ్గరకు వెళ్లారు. 1989లో బ్రస్సెల్స్ పరిశోధకులు చీమల పుట్టకూ ఆహారానికీ మధ్య రెండు దారులు పెట్టారు. ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది. చీమ నడిచిన దారిలో గంధం విడుస్తుంది. పొట్టి దారిన పోయినవి ముందుగా తిరిగి వచ్చినవి. అక్కడ గంధం ముందుగా చిక్కబడ్డది. తక్కినవీ అటే మళ్లినవి. ఆజ్ఞాపించిన నాయకుడు లేడు. మార్కో డొరీగో అనే ఇటలీ శాస్త్రజ్ఞుడు 1992లో తన సిద్ధాంత వ్యాసంలో ఈ నడతను గణన పద్ధతిగా మలిచాడు. తరువాత వచ్చినవారు దానిని సెన్సార్ల వార్తలకు దారి చూపడానికి వాడుకున్నారు.

అయితే చీమను ఉన్నదున్నట్లు అనుకరిస్తే నష్టమే. నడిచినంతమాత్రాన చీమల బాట అలసిపోదు, సెన్సారు అలసిపోతుంది. వార్తలన్నీ పొట్టి దారినే పోతే ఆ దారిలోని బ్యాటరీలే ముందు ఆరిపోతవి. చేనిలో మిగిలినవి బాగానే ఉన్నా, వాటి మాట గట్టుకు చేరదు. అందువల్ల దారి పొడవుతోపాటు, దారిలోనివారికి మిగిలిన శక్తిని కూడా లెక్కలో చేర్చవలసి వచ్చింది. పాత గంధం క్రమంగా ఆవిరి అయ్యేట్లు చేయడం కూడా ముఖ్యమే. లేకుంటే చెడిన దారినే పట్టుకుని వేలాడవలసి వస్తుంది.

మరొక ఉపాయం 2000లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ నుంచి వచ్చింది. కొన్ని సెన్సార్లు ఒక జట్టు. జట్టు వార్తలన్నీ ఒక పెద్ద మూటగట్టి పంపుతుంది. ఆ పెద్దరికం ఒకరికే ఉండదు, వంతులవారీగా మారుతుంది. చెరువు నీటికి వంతులు పెట్టుకున్న మన పల్లెలకు ఇది కొత్త నీతి కాదు.

ఇన్ని లెక్కలూ చివరకు రైతు కోసమే. నీటి కోసం పెట్టిన పరికరానికి బ్యాటరీలు మార్చడమే రైతుకు మరొక చాకిరీ కారాదు. ఒక్క పంటకాలమంతా తన పని తాను చూసుకోగలిగిననాడే ఈ విద్య చేనికి చేరినట్లు.