చెన్నపురి పేటలోని చిన్న యంగళ్లు

(వార్షిక మహాసభలో గావించిన యుపన్యాసము)

మన వార్షికసభలలో విద్యను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు, సత్రములను గూర్చియు తఱచుగా ప్రసంగములు జరుగుచుండును. అవి యన్నియు నవసరములే. కాని వాని కన్నిటికిని ధనము సమకూర్చిన మూలస్థాన మొకటి కలదు. అది ప్రొద్దుట తలుపు తీసి, బోణీకై యెదురు చూచుచు, రాత్రి పద్దులు వ్రాసికొను చిన్నవర్తకుని యంగడి. నేడు దానిని గూర్చి, అందును చెన్నపురి నడిబొడ్డున నున్న పెద్దనాయకునిపేట, ముత్యాలపేటల యంగళ్లను గూర్చి మనవిచేసి, పిమ్మట మన సంఘము చేయదగిన పనులను కొన్నిటిని సూచింతును.

ఈ పేటల పుట్టుక మీలో పెక్కురకు దెలిసినదే యైనను, ఒకమాఱు జ్ఞాపకము చేసికొనుట మంచిది. 1639లో ఈస్టిండియా కంపెనీవా రీ తీరమున స్థలము సంపాదించిరి. వారు కొనగోరినది ముఖ్యముగా నూలుబట్టలు. నేయువారును, అద్దకమువారును, సరకు సమకూర్చి యిచ్చు వర్తకులును లేనిదే వారి కోటకు పనియే లేదు. కావున కోటగోడల చెంతనే యొక పట్టణము వెలసెను. 1746లో పరాసువారు కోటను పట్టుకొనిరి. 1749లో నది మరల నాంగ్లేయుల వశమయ్యెను. శత్రువు లిండ్ల మఱుగున దాగి కోటను కొట్టుదు రను భయముచే పాతపట్టణమును పడగొట్టి, ఆ నేలను బయలుగా విడిచిరి. ఆ బయలులోనే 1892లో హైకోర్టు భవనము లేచినది. జనులు కదలివచ్చి సర్దుకొన్న యుత్తరపు పేటలే నేటి జార్జిటౌను. పెద్దనాయకునిపేట యను పేరు పట్టణపు కావలి యధికారము వహించిన పెద్దనాయకునిది. ముత్యాలపేట యను పేరున కర్థము చెప్పవలసిన పనియే లేదు. గోవిందప్ప నాయకుని వీథి, నయినియప్ప నాయకుని వీథి, కాశిచెట్టి వీథి, తంబుచెట్టి వీథి యని వరుసగా చదువుకొని పోయినచో, ఒక పాత ఆవర్జాపుస్తకమును తిరుగవేసినట్లుండును.

ఆ వీథులలో జరిగినది క్రయవిక్రయములు మాత్రమే కాదు. 1914లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆంధ్రపత్రికను బొంబాయినుండి చెన్నపురికి తెచ్చి, తంబుచెట్టి వీథినుండి నడపిరి. ఆ పత్రికను పోషించినది అమృతాంజనపు చిన్నసీసా. తలనొప్పిమందు నమ్మిన యాదాయముతో నొక జాతి భాషకు పత్రిక నిచ్చిన వర్తక మది. 1901లో పొట్టి శ్రీరాములుగారు జన్మించిన యణ్ణాపిళ్లె వీథి యీ పేటలోనిదే. 1952లో నీ నగరముననే యేబదియెనిమిది దినము లుపవసించి ఆయన ప్రాణము విడిచిరి. 1953 అక్టోబరు 1వ తేదీని ఆంధ్రరాష్ట్ర మేర్పడినది. చెన్నపట్టణము మాత్రము తమిళులదయ్యెను. రాష్ట్రము వేఱైనను అంగడి తలుపులు మూయబడలేదు. మన పెద్దలు తమిళమున బేరమాడుచు, తెలుగున లెక్కలు వ్రాసికొనుచు, ఇరుగుపొరుగులతో సఖ్యముగా నుండిరి. ఆ సఖ్యము కూడ వారు మనకు విడిచిపోయిన మూలధనములోని భాగమే.

ఇక నీ యంగళ్లు నడచు తీరును చూతము. గోడౌన్ వీథిలో బట్టలు. ఆండర్సన్ వీథిలో కాగితములు, పెండ్లిపత్రికలు. దేవరాజ మొదలియారు వీథిలో గాజుసామానులు, ప్లాస్టిక్కు వస్తువులు. నయినియప్ప నాయకుని వీథిలో మూలికలు, రసాయనద్రవ్యములు. పూర్వము చైనాబజారని పిలువబడి నేడు నేతాజీ పేరు వహించిన రోడ్డుమీద నగలు. ఒకే సరకు నమ్మువారు పదుగురు ప్రక్కప్రక్కన కూర్చుండిన నొకరి గిరాకి నొకరు చెఱచుకొనరా యని క్రొత్తవానికి తోచును. వాస్తవము వేఱు. పది యంగళ్లు నొకచోట నున్నందుననే నెల్లూరునుండియు, చిత్తూరునుండియు చిల్లరవర్తకుడు బండియెక్కి వచ్చును. ఒకచోట లేని సరకు మఱియొకచోట దొరకుననియు, ఒకడు హెచ్చుధర చెప్పినచో ప్రక్కవాని నడుగవచ్చుననియు నతనికి ధైర్యము. అమ్మువానికిని లాభమే. తనయొద్ద లేని రకమును పొరుగంగడినుండి చేబదులుగా తెచ్చి గిరాకిని నిలుపుకొనును. కనుక గిడ్డంగినిండ సరకు నింపుకొని మూలధనమును బంధించుకొన నవసరము లేదు. అన్నిటికంటె ముఖ్యమైనది అరువు. ఏ యూరివాడు బాకీ తీర్చునో, ఎవడు ఎగవేయునో వీథికంతటికిని తెలియును. బ్యాంకు హామీ యడుగును. వీథి నడవడిని చూచును. చిన్నవాడు పెద్దవాడగుట కీ నమ్మకమే నిచ్చెన.

ఈ యల్లిక యెంత సున్నితమైనదో తెలిసికొనుటకు కొత్వాల్ చావడి కథ చాలును. కన్యకాపరమేశ్వరీ దేవస్థానమువారి నేలపై నుండిన యా సంత తరతరములు నగరమునకంతకును కూరగాయలు, పండ్లు నందించెను. బండ్లు పట్టక, వీథులు మెదలక, తుదకు 1996లో టోకువర్తకమును కోయంబేటికి తరలించిరి. నగరారోగ్యమునకును, రాకపోకలకును ఆ మార్పు కావలసినదే. దానిని నేను తప్పుపట్టను. కాని తరలినది కూరగాయలు మాత్రమే కాదు. వానిని మోసిన హమాలీ, గోనెసంచులు కుట్టినవాడు, త్రాళ్లమ్మినవాడు, తెల్లవారుజామున ఇడ్డెనలు పెట్టిన యమ్మ, బస్తాకింత యని రోజువడ్డీ కిచ్చినవాడు, వీరందఱి బ్రదుకులును కదలినవి. 2002లో దూరపు బస్సుల నిలయము బ్రాడ్వేనుండి కోయంబేటికి పోయినపుడు బాటసారి గిరాకియు వెంటబోయెను. పెద్దవర్తకునికి క్రొత్తచోట నంగడి దొరకును. అతని నీడను బ్రదుకువారికి పత్రముండదు, పరిహారముండదు. పేట యనగా నంగడియజమానులు మాత్రమే యని మనము తలచినంతకాలము ఈ నష్టము మన లెక్కలలో కనబడదు.

నేడు వచ్చిన చిక్కులు పాతవానికంటె భిన్నములు. గిరాకి యింటనుండియే ఫోనులో సరకు తెప్పించుకొనుచున్నాడు. బండి నిలుప చోటులేదని పెద్దకుటుంబములవారు పేటకు రామానుచున్నారు. చదువుకొన్న కొడుకు గల్లాయెదుట కూర్చుండనొల్లడు. వీనిని గూర్చి కాలమును నిందించుట సులభము. నిందవలన పద్దు తేలదు. చట్టములను తెలిసికొనుట మేలు. 2017 జూలై 1వ తేదీనుండి వస్తుసేవల పన్ను వచ్చినది. తమిళనాట సరకులు మాత్రమే యమ్మువాడు ఏటికి 40 లక్షల యమ్మకము దాటనంతవఱకు సాధారణముగా నమోదుకానక్కఱలేదు. కోటిన్నరవఱకు నమ్ము వర్తకునికి అమ్మకముపై నూటికొక రూపాయి చెల్లించు సులభపద్ధతి కలదు. కాని సరకును పార్శెలుకట్టి నెల్లూరికి పంపినచో నది రాష్ట్రాంతర వ్యాపారమగును. అప్పుడు 40 లక్షల మినహాయింపును లేదు, సులభపద్ధతియు లేదు. మన తాతలకు చెన్నపురి, నెల్లూరు నొకే రాజధానిలోనివి. మనకు వాని నడుమ నొక సరిహద్దును, నొక నమోదుపత్రమును కలవు. దీనిని తెలియక జరిమానాల పాలగుటకంటె, తెలిసి నమోదు చేసికొనుట మేలు.

అటులనే 2021 జూలైలో టోకు, చిల్లర వర్తకులను గూడ సూక్ష్మ, చిన్న సంస్థల పట్టీలో కేంద్రప్రభుత్వము చేర్చినది. ఆ చేర్పు బ్యాంకుల ప్రాధాన్యరంగపు టప్పుల కొఱకు మాత్రమే. సరకు తీసికొన్న పెద్దసంస్థ 45 దినములలోపల సొమ్ము చెల్లింపవలెనను రక్షణ, తయారుచేయువానికి కలదు గాని, కొని యమ్మువానికి లేదు. అప్పు తెచ్చుకొను మార్గము తెఱచిరి. రావలసిన బాకీ వచ్చు మార్గము తెఱవలేదు. ఈ లోపమును గూర్చి ప్రభుత్వమునకు విన్నపము చేయుట యే యొక్క యంగడివాని తరమును కాదు, సంఘమే చేయవలెను.

పరుల లోపములు చెప్పి మన లోపములను దాచుట ధర్మము కాదు. మన యంగళ్లలో పనిచేయు గుమాస్తాలు, అమ్మకపు పిల్లలు దినమంతయు నిలువుకాళ్లపై నుండుట మనకు మామూలైనది. 2021లో తమిళనాట నుద్యోగులకు కూర్చుండు పీట నేర్పఱుపవలెనని చట్టము చేయవలసివచ్చినది. పీట వేయుటకు చట్టము వచ్చువఱకు నాగుట మనకు గౌరవము కాదు. ఆడవారు వచ్చుచుండు వీథులలో శుభ్రమైన మఱుగుదొడ్డి లేకున్నచో వారు మరల వత్తురా? కూతురు లెక్కలలో ప్రథమశ్రేణి తెచ్చుకొనినను ఖాతాపుస్తకమును ఒల్లనను కొడుకు చేతికే యిచ్చుచున్నాము. వారసుడు లేడని యంగడిని మూసితిమి అను కుటుంబములు, వారసురాలిని చూచితిమా యని తమ్ము తాము ప్రశ్నించుకొనవలెను.

ఇప్పుడు నా ముఖ్యవిషయమునకు వచ్చుచున్నాను. మన పూర్వులు ధర్మార్థమై వ్రాసియిచ్చిన కట్టడములు అనేక పట్టణముల నడిబొడ్డున కలవు. క్రింద నంగళ్లు, మీద సత్రమో, విద్యార్థిగృహమో. అంగళ్ల యద్దెతో పైనున్నది నడచును. ఖాళీయైన ప్రతి యంగడిని వేలమువేసి, హెచ్చు పాడినవాని కిచ్చుట నేటి వాడుక. చూపునకు న్యాయముగనే యుండును. కాని హెచ్చు పాడగలవాడెవడు? ఊరూర కొట్లు గల పెద్దసంస్థవాడు. గాజులమ్మువాడును, కాగితము కోయువాడును, తాళపుచెవులు చేయువాడును పాడలేరు. ఒకటొకటిగా వారు పోయిన పిదప వీథి యల్లిక విడిపోవును. అల్లిక విడిన వీథికి గిరాకి రాదు. గిరాకి లేనిచోట పెద్దసంస్థయు నిలువదు. తుదకు మిగులునది తాళమువేసిన తలుపు. అనగా నేడు హెచ్చద్దెకు కక్కుఱితి పడి రేపటి యద్దెను పోగొట్టుకొనుచున్నాము.

దీనికి ధర్మకర్తలు చెప్పు సమాధానము నేనెఱుగుదును. "అద్దె తగ్గినచో బీదవిద్యార్థుల వేతనములు తగ్గవా? ఒకరికి ధర్మము చేయబోయి మఱియొకరి ధర్మమును కోయవచ్చునా?" యందురు. ఈ ప్రశ్న న్యాయమైనది. అందుచేతనే అద్దె లన్నిటిని తగ్గింపుడని నేను కోరుట లేదు. దశాబ్దముల క్రిందటి నామమాత్రపు టద్దెకే పట్టుకొని, లోలోపల పరులకు బదలాయించు కౌలుదారులను సమర్థించుటయు లేదు. నా కోరిక మితమైనది.

ఒకటి: ఖాళీయగు నంగళ్లలో నాలుగింట నొకటి వేలమునుండి మినహాయించి, స్వయముగా కూర్చుండి వ్యాపారము చేయు చిన్నవర్తకునికి, నిశ్చితమైన యద్దెకు, ఐదేండ్ల గడువున కీయవలెను. అతడు పరులకు బదలాయింపరాదు.

రెండు: ప్రతి యంగడికిని వ్రాతమూలకమైన యొడంబడిక యుండవలెను. తమిళనాట 1960 నాటి యద్దె చట్టము పోయి, 2019 ఫిబ్రవరినుండి క్రొత్తచట్ట మమలులోనికి వచ్చినది. వ్రాత లేని యద్దెకు అందు చోటు లేదు. ధర్మసంస్థలకు చట్టము మినహాయింపు నిచ్చినచోట్ల సయితము మన మనస్సాక్షి మినహాయింపు నీయరాదు.

మూడు: సంఘభవనమున వారమున కొకదినము పన్నులు, నమోదులు, బ్యాంకు దరఖాస్తులు తెలిసిన యువకులు కూర్చుండి, వచ్చినవారికి కులభేదము చూడక సాయము చేయవలెను. మన పిల్లలలో లెక్కల పరీక్షల నుత్తీర్ణులైనవారు కొదువగా లేరు.

నాలుగు: అంగళ్ల యద్దె యెంత వచ్చినది, దేనికి వెచ్చింపబడినది ఏటేట నచ్చువేసి ఈ సంచికవంటి దానిలో ప్రకటింపవలెను. పరుల కడ పైసకు లెక్క యడుగు మనము మన ధర్మద్రవ్యమునకు లెక్క చెప్ప సంకోచింపనేల?

"కులభేదము చూడక" యని యంటిని. కులసభలో ఈ మాటయేల యని యెవరైన నడుగవచ్చును. మన యంగడి మన కులమువారివలననే నడచుచున్నదా? బస్తా మోయువాడు, వాకిట పువ్వులమ్ము నామె, ఎదుటి వీథిని అత్తరులమ్ము సాయెబు, ఉత్తరదేశమునుండి వచ్చి షావుకారుపేటలో స్థిరపడిన మార్వాడీ, వీరందఱు కూడిననే పేట. 2014 నాటి వీథివర్తకుల చట్టము తోపుడుబండివానికిని బ్రదుకుతెరువు హక్కు కలదని యంగీకరించినది. అతనిని వాకిటినుండి తఱుముటకు ముందు, మన తాత మొదట మూట నెత్తిన బెట్టుకొనియే యీ పట్టణమున కాలిడెనేమో యని తలపోయుట మంచిది. మన కులమునకు కీర్తి తెచ్చినది లాభము గాదు. మాట నిలుపుకొనుట, తూనిక తప్పకుండుట.

కావున పై నాలుగంశములను రేపటి విషయనిర్ణయసభలో చర్చించి, మార్పులు చేయదగినచో చేసి, తీర్మానరూపమున నంగీకరింపవలసినదిగా ప్రార్థించుచున్నాను. నాలుగును సాధ్యముకాదేని, కడపటిదానితో నైనను మొదలిడుడు. లెక్క తెలిసిన పిదప తక్కినవి యెంతవఱకు సాధ్యములో దానంతటదియే తేలును.