ట్రాక్టరు దాహము



ఎండలో బండి కట్టినవాడు ఎడ్లకు నీళ్లు చూపక దూరము సాగింపడు. నురుగు గ్రక్కు ఎద్దును అదలించువానిని మన పెద్దలు నలుగురిలో మందలించెడివారు. ఎద్దు చోట నేడు ట్రాక్టరు వచ్చినది. దాని దాహమును గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

1967 ఆగస్టు 4వ తేదీన నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిరి. ఎడమ కాలువ పారిన పిమ్మట మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతములు వరిమాగాణులైనవి. మిర్యాలగూడలో ధాన్యపు మిల్లులు వెలసినవి. కోతలు కాగానే సూర్యాపేట వైపునుండియు, కోదాడ వైపునుండియు ట్రాలీలు ఆ మిల్లులకు బారులు తీరును. యాసంగి ధాన్యము ఏప్రిల్, మే నెలలలో వచ్చును గనుక ఎండయు, బరువును ఒక్కసారే ఇంజనుమీద పడును.

కొన్నియేండ్ల క్రిందట అట్టి యెండలో మా ధాన్యము మిల్లుకు పోవుచుండెను. మా అన్న కుమారుడు ట్రాక్టరు నడుపుచుండ, నేను ప్రక్కన నుంటిని. వేడి తెలుపు ముల్లు ఎఱ్ఱగీత దాటెను. బండి ఆపితిమి. "చల్లారనీ, చిన్నాయనా" అని వాడనెను. "వరుసలో వెనుకబడుదుము, మూత తీసి నీళ్లు పోయరా" అని నేను తొందరపెట్టితిని. మూత తిప్పినంతనే వేడినీరు ఎగజిమ్మి వాని చేయి మోచేతివఱకు కాలెను. ఆ మచ్చ నేటికిని ఉన్నది. తప్పు వానిది కాదు, నాది.

ఆ నీరేల ఎగజిమ్మెను? సాధారణముగా నీరు 100 డిగ్రీల సెంటీగ్రేడువద్ద మరగును. రేడియేటరు మూత బిగువుగా నుండి లోపల ఒత్తిడి నిలుపును గనుక నీరు అంతకు మించి కాగియు మరగక యుండును. మూత తీయగానే ఒత్తిడి తొలగి, నీరు ఒక్కుమ్మడి ఆవిరియై పైకి లేచును. కావున మూత చేతికి చల్లగా తగులువఱకు దానిని ముట్టరాదు. కాగిన ఇంజనులో చన్నీళ్లు పోసినచో ఇనుము పగులును.

డీజిలు మండగా పుట్టిన వేడిలో సుమారు మూడవవంతు మాత్రమే పనికి వచ్చును. మిగిలిన వేడిలో కొంత పొగతో పోవును. కొంత రేడియేటరు బయటికి పంపవలెను. కోతల కాలమున పొట్టు, దుమ్ము దాని జాలిని మూయును. వానలలో బురద మూయును. దినమునకొకసారి ఇంజను చల్లగా నున్నప్పుడు జాలిని దులుపవలెను. ఫ్యాను బెల్టు వదులైనదేమో చూడవలెను.

ఎత్తు ఎక్కునప్పుడు పెద్ద గేరులో ఇంజనును మూల్గించరాదు. ఇంజను నెమ్మదిగా తిరిగినచో ఫ్యానును, నీటి పంపును నెమ్మదించును. చిన్న గేరు వేసి, బరువు మితముగా నింపినచో అది తన్ను తాను చల్లబఱచుకొనును.

మన బోరునీరు కాచిన గిన్నె అడుగున తెల్లని పెచ్చు కట్టుట మన ఆడువారెఱుగుదురు. రేడియేటరు గొట్టములలోను అట్టి పెచ్చే కట్టి వేడిని పోనీయదు. కావున బట్టీపట్టిన శుద్ధజలమును, కూలెంటును తగు పాళ్లలో కలిపి పోయుట మేలు. కూలెంటు త్రుప్పును కూడ అడ్డుకొనును.

చలికాలమున వేరొక పొరపాటు జరుగును. ఇంజను వేడెక్కువఱకు నీటిని ఆపి, పిమ్మట విడుచు థర్మోస్టాటు అను చిన్న కవాటము కలదు. వేసవిలో వేడి తగ్గునని కొందఱు దానిని తీసివేయుదురు. చలిలో అట్టి ఇంజను తగిన వేడికి రాక త్వరగా అరుగును. దానిని తీయరాదు; చెడినచో మార్పించవలెను.

ఈ పనులన్నియు కుఱ్ఱవాండ్రకు తెలిసినవే. వారిని తొందరపెట్టువారము మనము. మిల్లువద్ద వరుస తప్పినచో మఱునాడు దొరకును. "చల్లారనీ" అని వాడన్నప్పుడు, చెట్టునీడన కూర్చుండుడు. ఇదియే నా మనవి.